ఇంటిల్లిపాదికీ చదివి వినిపించగలరు

తాండూరు,
జూన్ నెల, సోమవారం

నా బంగారు బిడ్డ కరుణకు,

నాయిన బాలస్వామి నీ తల మీద చెయ్యి పెట్టినట్టే అనుకుని చదువుకో. నేను ఇక్కడ బాగున్నాను. నువ్వు అక్కడ బాగలేవని నిన్న తెలిసింది. తెలిసినప్పటి నుంచి నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

కోపం తెచ్చుకోకు, చివరిదాకా చదువు. నిన్న చర్చి అయిపోయాక మీ ల్యాబులో పనిచేసే నిరోషా వచ్చింది. అత్తగారింటికి తాండూరు వచ్చిందట, పనిలో పనిగా నన్ను కూడా చూసి పోదామని మన గల్లీకి వచ్చింది. నా చెవుల సంగతి నీకు తెలుసు. ఇన్నేళ్లు బండ కోసే మిషను పక్కన కూర్చుని పేర్లు చెక్కిన చెవులు. ఆ పిల్ల గట్టిగా చెప్పాలి, నేను ఇంకా గట్టిగా అడగాలి. మీరు పోయొచ్చిన మలేషియా ఎట్లుందమ్మా అని అడిగితే, ఊరి సంగతి పక్కన పెట్టి, "కరుణక్కకు ఏమైందో ఏమో పెద్దనాయినా, ఇమానం ఎక్కినకాడికెల్లి దిగేదాక ఏడ్చుకుంటనే ఉన్నది" అన్నది. ఏడ్చిందా అని నేను అరిచాను. ఏడ్చింది అని ఆమె అరిచింది. అప్పటికే పక్కింటి చంద్రవ్వ పిట్టగోడ దగ్గరికి వచ్చి నిలబడింది. కాబట్టి ఈ సంగతి ఇప్పుడు గల్లీ అంతటికీ తెలుసు. అందుకే కదా నువ్వూ నేనూ ఫోను మానేసి ఉత్తరాలు రాసుకునేది.

నిరోషా అట్లా పోగానే నేను అంగీ వేసుకుని బజారుకు పోయి కిలో జిలేబి తెచ్చి ఇంటింటికీ పంచాను. ఏం శుభవార్త అని అందరూ అడిగారు. మా బిడ్డ ఏడ్చిందని చెప్పాను. మన పోస్టుమాన్ హనుమంతు జిలేబి చేతిలో పట్టుకుని, తినాలో వద్దో తెలియక నా మొహం చూస్తూ నిలబడ్డాడు. చంద్రవ్వ మాత్రం తిన్నది. తిని, వేళ్లు నాకి, "నీకు బండపొడి నెత్తికెక్కింది బాలస్వామీ" అన్నది.

వాళ్లకేం తెలుసు. ఆ సంబంధం వాళ్లు పెళ్లి పత్రికలు అచ్చయినాక వద్దన్న రోజు నువ్వు ఏడవలేదు. మిగిలిపోయిన పత్రికలను వెనక్కి తిప్పి వాటి మీద కిరాణా చీటీలు రాసుకున్నావు. శెనగపప్పు, సబ్బులు, చాయ్ పత్తా. మీ అమ్మ పోయిన రోజు కూడా వచ్చినవాళ్లకు చాయ్ పోసుకుంటూ తిరిగావు. వానాకాలం వస్తే బండ కూడా చెమ్మ పడుతుంది బిడ్డా. నా బిడ్డ ఎప్పుడు తడుస్తుందో అని ఇన్నేళ్లు చూశాను. తడిచింది. అందుకు ఒక్క కిలో జిలేబి తక్కువే.

ఒకటే అడుగుతున్నాను. నిన్ను ఏడిపించిన ఆ మహానుభావుడు ఎవరు? జర వివరంగా రాయి. మలేషియా మనకు ఏ దిక్కున ఉంటుందో కూడా రాయి, పొద్దున ప్రార్థనకు కూర్చునేటప్పుడు అటు తిరిగి కూర్చుంటాను.

నీ జవాబు కోసం గుమ్మంలోనే కుర్చీ వేసుకున్న
నాయిన


వికారాబాద్,
జూన్

నాయినకు,

రైలెక్కి పల్లీల పొట్లం విప్పితే అయిపోకముందే వచ్చే ఊరి నుంచి నీ ఉత్తరం రావడానికి వారం పట్టింది. ఈ వారంలో నిరోషా ఇంకెంతమందికి చెప్పిందో. ఆమెతో మాట్లాడడం మానేశాను. మధ్యాహ్నం నుంచి మళ్లీ మాట్లాడుతున్నాను, ఆమె డబ్బాలో చేపల పులుసు ఉండింది.

నేను ఏడవలేదు. విమానంలో ఏసీ గాలి నేరుగా కళ్లలో కొట్టింది, నీళ్లు కారాయి. దాన్ని ఏడుపు అనరు. నువ్వు వెంటనే జిలేబి పంచడం ఆపు. మన గల్లీలో సగం మందికి షుగరు, పరీక్షలు చేసింది నేనే.

మహానుభావుడు ఎవరూ లేరు. మేము పోయింది పెనాంగ్ అనే దీవికి. నేను, నిరోషా, వాళ్లాయన. అక్కడ మమ్మల్ని తిప్పిన వ్యాను డ్రైవరు ఒకాయన ఉన్నాడు, పేరు సింహాద్రి. ఆయన గురించి చెప్పుకోవాల్సింది ఏమీ లేదు.

తెలుగాయనే. ముత్తాత శ్రీకాకుళం దిక్కు నుంచి ఓడెక్కి రబ్బరు తోటల్లో పనికి పోయాడట, మళ్లీ తిరిగి రాలేదు. అక్కడ అట్లాంటి కుటుంబాలు చాలా ఉన్నాయట. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారు. మొదటి రోజు నేనూ నిరోషా మాట్లాడుకుంటుంటే వ్యాను పక్కకు ఆపి, వెనక్కి తిరిగి, "మీరు మాటాడేది తెలుగేనా, ఏటి అంత తొందర" అన్నాడు. నిరోషా వాళ్లాయనకు కోపం వచ్చింది. నాకు నవ్వొచ్చింది. నేను నవ్వితే ఆయన కూడా నవ్వాడు. ఆయనకు ఒక అలవాటు ఉంది, నవ్వొస్తే వ్యాను ఆపేస్తాడు. నడుపుతూ నవ్వకూడదట, రెండూ ఒకేసారి చేస్తే రెండూ చెడిపోతాయట. ఒక రోజు ముళ్లు ముళ్లుగా పనసలాంటి పండు ఒకటి పెట్టాడు. వాసన చూసి, మా ల్యాబులో సీసాలే ఇంతకన్నా నయం అన్నాను. అప్పుడు ఆగిన వ్యాను కదిలేసరికి సముద్రం మీద పొద్దు గుంకింది, చూడాల్సిన గుడి మూసేశారు. నిరోషా వాళ్లాయన ఆ రోజు నాతో కూడా మాట్లాడలేదు.

తెలుగు మాట్లాడతాడు గానీ ఒక్క అక్షరం చదవలేడు. నేర్పేవాళ్లు దొరకలేదట. నా చేతి సంచి మీద తెలుగులో ఉన్న బట్టల షాపు పేరును వేలితో తడిమి, ఏమని రాసుంది అని అడిగాడు. పెళ్లి చేసుకోలేదట. వాళ్లమ్మ పక్షవాతంతో ఉన్నన్నాళ్లు చూసుకున్నాడు, ఆమె పోయేసరికి వయసు దాటింది అన్నాడు. కొండ మీదికి ఎక్కే రైల్లో నాకు తల తిరిగితే ఉప్పు చల్లిన జామకాయ ముక్కలు తెచ్చి ఇచ్చాడు. డ్రైవర్లు అందరికీ అట్లాగే ఇస్తారు.

అంతే. ఇంకేమీ లేదు.

నేను పోయిన నెల వచ్చినప్పుడు నా గొడుగు అక్కడ మర్చిపోయాను. నల్లది కాదు, ఆకుపచ్చది. దాన్ని ఎవరికీ ఇవ్వకు. కూరగాయలకు పోయేటప్పుడు తీసుకుపోకు. ఎండలో పెట్టకు.

కరుణ


తాండూరు,
జూన్ ఆఖరు

నా బంగారు బిడ్డకు,

డ్రైవరు గురించి చెప్పుకోవాల్సింది ఏమీ లేదని ఒక వాక్యం రాశావు. దాని తర్వాత ఉత్తరమంతా ఆయనే ఉన్నాడు. అంత డబ్బు పెట్టి సముద్రం దాటిపోయావు కదా, సముద్రం గురించి ఏం రాశావో చూసుకున్నావా? దాని మీద పొద్దు గుంకిందని రాశావు. అది కూడా ఆయన నవ్వడం వల్ల.

నేను మళ్లీ జిలేబి తేలేదు. షుగరు సంగతి రాశావని ఈసారి మిర్చి పంచాను.

గొడుగు క్షేమంగా ఉంది. మీ అమ్మ ఫోటో పక్క మేకుకు తగిలించాను. దాని మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. నాకు ఇంగ్లీషు రాదని నీకు తెలుసు, కానీ ఎంతమంది సమాధుల మీద చెక్కానో కూడా తెలుసు. ఎదురుగా కాగితం పెడితే బొమ్మను చూసి దింపినట్టు దింపుతాను, ఒక్క గీత తప్పు పోదు. ఆ గొడుగు మీది అక్షరాలు మంచి అక్షరాలు, అంచులు శుభ్రంగా ఉన్నాయి. హనుమంతు చూసి, వ్యాన్ల కంపెనీ పేరు, కింద ఆ దేశపు అడ్రసు అన్నాడు. ఊరికే చూశాం, అంతే.

ఇప్పుడు నీకు ఒక సంగతి చెప్తాను. ఏడుపు గురించి నాకూ కొద్దిగా తెలుసు. మీ అమ్మను నేను మొదట చూసింది ధారూర్ జాతరలో అని నీకు తెలుసు. మిగిలింది తెలియదు. అప్పట్లో జాతరకు పోవడమంటే ఎడ్లబండిలో బియ్యం, గిన్నెలు, చాపలు వేసుకుని పోవడం. వాగు పక్కన ఆ వారం రోజులు ఎవరి డేరాలో వాళ్లు వండుకోవడం, యేసు పాటలు, పాస్టర్ల ప్రసంగాలు. నవంబర్ చలి. వాళ్ల డేరా మా డేరా పక్కనే. పొయ్యి అంటించడానికి నిప్పు కావాలని మీ అమ్మ రోజూ వచ్చేది. నాలుగో రోజు చూస్తే వాళ్ల డేరాలో అగ్గిపెట్టె ఉంది. ఆ రోజు నుంచి మా పొయ్యి ఆరకుండా చూసుకున్నాను.

జాతర అయిపోయింది. వాళ్లది కుల్కచర్ల అవతల పల్లె. ఇప్పుడు నీకు నవ్వు వస్తుంది గానీ, ఆ రోజుల్లో నాకు కుల్కచర్ల నీ మలేషియా కన్నా దూరం. వాళ్లు డేరా విప్పుతుంటే నేను సాయం చేస్తున్నట్టు గుంజ పట్టుకుని విడవలేదు. మీ తాత, "గుంజ ఇడువురా పిలగా, పొద్దు పోతున్నది" అన్నాడు. విడిచాను. భాగమ్మ అనే పేరు ఒక్కటే తెలుసు.

తాండూరు వచ్చి పనిలో కూర్చుంటే చెయ్యి నా మాట వినలేదు. ఒక పెద్దమనిషి ఇంటి ముందు పెట్టాల్సిన బండ మీద ఆయన పేరు బదులు భాగమ్మ అని చెక్కేసింది. మా సేటు తల పట్టుకుని, ఈ బండ నువ్వే మోసుకుని పో అన్నాడు. ఆ బండే మన వెనక వాకిట్లో బట్టలు ఉతికే బండ. సిగ్గేసి పేరు కిందికి వచ్చేటట్టు పరిచాను. పెళ్లయినాక ఒక రోజు చెప్పాను. మీ అమ్మ చీర పిండుతూ, "అందుకేనా నా చీరెలు గింత తెల్లగైతున్నయి" అన్నది. మళ్లీ దాని మాట ఎత్తలేదు, కానీ ఆ బండ మీద ఎవరినీ చెప్పులతో నిలబడనిచ్చేది కాదు.

ఎందుకు చెప్తున్నానంటే, జాతరలో ఒక పద్ధతి ఉంది. ఏ ఊరివాళ్ల డేరా ఏ జాగాలో వేస్తారో ఏటేటా అక్కడే వేస్తారు. అడ్రసులు అడగాల్సిన పని లేదు. మరుసటి నవంబర్‌లో నేను మావాళ్లందరికన్నా ముందు పోయి ఆ జాగాలో నిలబడ్డాను. వాళ్ల బండి వచ్చింది. బండిలో మీ అమ్మ ఉంది. మీ తాత నన్ను చూసి గుంజ నా చేతికిచ్చాడు.

మరి మీ డేరా ఎక్కడ బిడ్డా? ఆయన ఫోను నంబరు ఏమైంది? రోజూ మాట్లాడుకుందామని అనుకుని ఉంటే ఏసీ గాలికి కళ్లలో నీళ్లు కారేవి కావు కదా.

సమాధానం కోసం ఫికర్ పడుతున్న
నాయిన


వికారాబాద్,
జూలై

నాయినా,

నీ ఉత్తరం ల్యాబులో చదివాను. చదివి, ఎవరికో పేషెంటుకు రిపోర్టు ఇవ్వబోయి నీ ఉత్తరం ఇచ్చాను. ఆయన పాపం కాసేపు చదివి, ఇందులో షుగరు ఎంతుందో లేదమ్మా అన్నాడు.

ఇప్పటిదాకా నవ్వులే రాశాను. ఇక్కడి నుంచి నవ్వకు. జిలేబి, మిర్చి ఏవీ తేకు.

ఎయిర్‌పోర్టుకు పోయిన రోజు ఆయన ఒక్కసారి కూడా వ్యాను ఆపలేదు. నిరోషా ఏదో అన్నది, అందరం నవ్వాం, ఆయన ఆపలేదు. అద్దంలో ఆయన మొహం కనపడుతూనే ఉంది. దిగేచోట వాన దంచి కొడుతోంది. గొడుగు విప్పి నా చేతిలో పెట్టి, "కరుణగారూ, నేను మీ ఊరొస్తే బాగుంటాదా" అన్నాడు. నేను రావద్దన్నాను. ఎందుకని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. సరేనండీ అన్నాడు. నేనే ఇంకా, ఫోన్లు కూడా వద్దు, ఇక్కడిది ఇక్కడే బాగుంటుంది అన్నాను. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నానో నాకే తెలియదు. అద్దాల తలుపు దాటి లోపలికి పోయి వెనక్కి చూశాను. ఇంకా అక్కడే నిలబడి తడుస్తున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, గొడుగు నా చేతిలో ఉందని. తిరిగి పోయి ఇవ్వాలంటే పోలీసు మళ్లీ బయటికి పోనియ్యడట. అట్లా వచ్చింది ఆ గొడుగు.

ఎందుకు రావద్దన్నానని అడుగుతావు. నీ కోసమే. పొయ్యి మీద పాలు పొంగినా నీకు వినపడదు. తలుపు కొట్టినా వినపడదు. నిన్ను వదిలి సముద్రం అవతలికి నేను పోలేను. నా కోసం ఇల్లూ వ్యానూ వదిలి రమ్మని ఆయనను అనలేను. ఇంకొకటి కూడా ఉంది. మళ్లీ ఒకసారి పత్రికల వెనక కిరాణా చీటీలు రాసుకునే ఓపిక నాకు లేదు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. అందరూ అనంతగిరి కొండల్లో మబ్బులు చూడటానికి కార్లేసుకుని వస్తున్నారు. నేను కిటికీ మూసేస్తున్నాను. రోడ్డు పక్కన ఏ వ్యాను ఆగినా తల అటు తిరుగుతోంది, లోపల ఎవరో నవ్వుతున్నారేమోనని. మొన్న జామకాయలు కొని ఉప్పు వేసుకోకుండా తిన్నాను. ఉప్పు వేస్తే ఏమవుతుందో తెలుసు కాబట్టి.

నువ్వు సంతోషపడుతుంటే నాకు ఇంకా ఒంటరిగా ఉంటోంది నాయినా. ఈ సంగతి ఇక్కడితో వదిలెయ్యి. ఎవరితో ఏమీ అనకు. ఏమీ చెయ్యకు.

కరుణ


తాండూరు,
జూలై

బిడ్డా,

ఏమీ తేలేదు. ఏమీ పంచలేదు. నీ ఉత్తరం చదివి పొద్దున తినలేదు. సాయంత్రం మాత్రం తిన్నాను, చంద్రవ్వ పుంటికూర పంపింది, వదిలేయడానికి మనసు రాలేదు.

ఒక మాట. నన్ను నీ తలుపుకు తాళంకప్ప చెయ్యకు. నేను మనిషిని. పాలు పొంగితే పొయ్యి తుడుచుకుంటాను. తలుపు కొట్టి విసిగినవాళ్లు కిటికీ దగ్గరికి వచ్చి చెయ్యి ఊపుతారు, ఇన్నేళ్లుగా గల్లీ అంతా అట్లనే చేస్తోంది. నువ్వు నాకు అన్నం పెట్టడానికి పుట్టలేదు. పెడితే తింటాను, అది వేరే.

ఇంకొకటి ఉందని పత్రికల కారణం రాశావు చూడు, అదే అసలుది. భయమైతే భయమని రాయి. నాయిన అని రాయకు. ఆ రెండు మాటలకు తేడా నీకు తెలియకపోతే ఎట్ల.

చివర్లో ఎవరితో ఏమీ అనకు అన్నావు. అనలేదు. ఏమీ చెయ్యకు అన్నావు. ఆ ఉత్తరం నాకు శుక్రవారం అందింది. శుక్రవారం నుంచి ఏమీ చెయ్యలేదు. ఇక ముందు కూడా చెయ్యను.

గొడుగు క్షేమం.

నాయిన


వికారాబాద్,
సెప్టెంబర్

బాలస్వామి గారికి,

నాకు కోపం వచ్చిందని మీకు తెలియాలని గారు అని రాస్తున్నాను.

శుక్రవారం నుంచి ఏమీ చెయ్యలేదన్నారు. గురువారం దాకా ఏం చేశారో ఇప్పుడు అందరికీ తెలిసింది. నాకు తప్ప. నాకు ఈ రోజు మధ్యాహ్నం తెలిసింది. నిరోషా వాళ్లాయన దగ్గర ఆ వ్యాను కంపెనీ ఫోను నంబరు ఉందట, అక్కడి వాళ్లెవరో ఆయనకు వీడియో పంపారు. నిరోషా నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి మరీ చూపించింది.

పెద్ద హాలు. అక్కడి తెలుగువాళ్ల సంఘం భోజనాలు. అరిటాకుల ముందు జనం. మైకు పట్టుకుని అప్పలనరసమ్మ అనే ముసలామె. ఆమె చేతిలో మీరు సింహాద్రి గారికి రాసిన ఉత్తరం.

మీరు ఆ ఉత్తరం మీద మొట్టమొదట ఏం రాశారో మీకు గుర్తుందా? ఇంటిల్లిపాదికీ చదివి వినిపించగలరు అని రాశారు. ఆయనకు తెలుగు చదవడం రాదని నేను రాసిందే మీకు. అక్కడ చక్కగా చదవగలిగింది ఈ ముసలామె. చదివి పెట్టమని ఆయన ఉత్తరం తీసుకుపోతే, ఆమె మొదటి వాక్యం చూసి, "ఇది నువ్వొక్కడివే ఇనీసీది కాదురా, ఇంటిల్లిపాదికీ అని రాసినారు పెద్దాయన" అన్నదట. ఆయనకు ఇంట్లో ఎవరూ లేరు కదా. ఆమె లెక్కలో సంఘమంతా ఆయన ఇల్లే. భోజనాల రోజుదాకా ఆ వాక్యం దాటి చదవలేదట, అందరూ ఒక్కసారే వినాలని.

మా బిడ్డ విమానం ఎక్కినప్పటి నుంచి దిగేదాకా ఏడ్చింది, నాకు మస్తు సంతోషమైంది అని చదవగానే ఎవరో చప్పట్లు కొట్టారు. మస్తు అంటే ఏంటని ఒకామె అడిగింది. బోలెడు అని మైకులో చెప్పింది ముసలామె. జాతరలో నిప్పు అడగడానికి వచ్చిన కథ దగ్గర సాంబారు వడ్డించేవాళ్లు బకెట్లు పట్టుకుని ఆగిపోయారు. అమ్మ బండ దగ్గర ముసలామే ఆగిపోయింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. చివర్లో, నవంబర్ నెలలో మా డేరాకు రావలెను, ధారూర్‌లో రైలు ఆగుతుంది అని చదివేసరికి హాలులో సగం మంది వస్తామన్నారు.

ఆయన అన్నింటికన్నా వెనక వరసలో ఉన్నాడు. తల ఎత్తలేదు. జిలేబి పంచిన సంగతి వచ్చినప్పుడు లేచి బయటికి పోయాడు. సిగ్గుపడి పోయాడని నిరోషా అన్నది. కాదు. నవ్వడానికి పోయాడు. నవ్వేటప్పుడు ఆయన ఇంకో పని చెయ్యడు.

ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో అడగకండి.

నా పరువు పోయింది. ఒక దేశంలో పోయింది సరిపోక రెండో దేశంలో కూడా పోయింది. మీతో నేను మాట్లాడను. ఈ ఆదివారం రాను. వచ్చే ఆదివారం వస్తాను, అది కూడా గొడుగు కోసం.

ఆయన ఏమన్నాడో వీడియోలో లేదు. నాకు అక్కర్లేదు కూడా.

మీకేమైనా ఉత్తరం వచ్చిందా?

కరుణ


తాండూరు,
అక్టోబర్

నా బంగారు బిడ్డకు,

నన్ను గారు అన్నందుకు మస్తు సంతోషం. ఇన్నేళ్లలో కరెంటు ఆఫీసు వాళ్లు తప్ప ఎవరూ అనలేదు. పోయిన ఆదివారం వచ్చి నాతో ఒక్క మాట మాట్లాడకుండా రెండు సార్లు అన్నం పెట్టి, గొడుగు తీసుకుని పోయావు. చంద్రవ్వ అడిగితే, మా బిడ్డకు కోపం వచ్చింది, ఏడుపు తర్వాత కోపమే రావాలి, మంచిగానే నడుస్తోంది అని చెప్పాను.

ఇంటిల్లిపాదికీ అని రాయడం మా బడి పంతులు నేర్పిన మర్యాద. అట్లా రాయకపోతే ఉత్తరం దొంగ ఉత్తరమవుతుంది అనేవాడు. మన ఇంట్లో అంటే నేనూ మీ అమ్మా నువ్వూ. ఆయన ఇల్లు అరిటాకులేసి హాలు నిండేంత పెద్దదని నాకేం తెలుసు? తెలిసినా రాసేవాడినే. నా బిడ్డ కోసం సాంబారు బకెట్లు ఆగాయంటే చిన్న సంగతా.

చంద్రవ్వ ఇంకొకటి కూడా అడిగింది. ఆ అబ్బాయికి సింహాద్రి అని కొండ మీది దేవుని పేరుంది, మీ చర్చివాళ్లు ఏమంటారో అన్నది. పేరు వాళ్ల అమ్మానాయిన పెట్టింది, ఏడుపు నా బిడ్డ సొంతంగా ఏడ్చింది, దేవుడు రెండూ చూసుకుంటాడని చెప్పాను. ఆమెకు సమాధానం నచ్చలేదు. మిర్చి నచ్చింది.

ఇక నీ ఉత్తరంలో అన్నింటికన్నా కింద, అన్నింటికన్నా చిన్న అక్షరాలతో ఒక మాట అడిగావు. వచ్చింది. నిన్ననే వచ్చింది. హనుమంతు సైకిలు స్టాండు వెయ్యడం మర్చిపోయి పరుగెత్తుకొచ్చాడు, వెనక సైకిలు పడిపోయిన చప్పుడు నాకు కూడా వినపడింది.

కవరు విప్పి మొదట నవ్వాను. తర్వాత నవ్వలేకపోయాను. ఆ అక్షరాలు రాసినవి కావు బిడ్డా, దింపినవి. తెలుగు రానివాడు ఎదురుగా ఒక కాగితం పెట్టుకుని, ఒక్కో అక్షరాన్ని బొమ్మలాగ చూసి గీసినవి. ఇంకెవరికైనా పిచ్చి రాత అనిపిస్తుంది. నాకు తెలుస్తుంది. జన్మంతా నేను ఇంగ్లీషును అట్లనే దింపాను, గొడుగు మీది అడ్రసు కూడా ముందు బండ మీద సుద్దముక్కతో గీసి చూసుకుని అట్లనే కవరు మీద దింపాను. ప్రతి తలకట్టు దగ్గర చెయ్యి ఎత్తి మళ్లీ పెట్టాడు. ఒక చోట గీత వంకరపోతే ఆ మొత్తం వరస కొట్టేసి, మళ్లీ మొదటి నుంచి గీశాడు. ఈ ఒక్క కాగితానికి ఎన్ని సాయంత్రాలు పట్టిందో నేను అంచనా కట్టగలను, కానీ నీకు చెప్పను.

ఉత్తరం దీనితో పెట్టి పంపుతున్నాను. అందులో ఆయన నన్ను ఒకటి అడిగాడు. నేను జవాబు రాయను. ఏమీ చెయ్యకు అన్నావు కదా, చెయ్యను. డేరా జాగా నీకు నాకన్నా బాగా తెలుసు.

నాయిన


పెనాంగ్

బాలస్వామి గారికి, ఇంటిల్లిపాదికీ,

నమస్కారం. మీ ఉత్తరం విన్నాను. ఇది అప్పలనరసమ్మ గారు కాగితం మీద రాసి ఇచ్చారు, నేను చూసి గీస్తున్నాను. మాటలు నావే.

కరుణ గారు రావద్దన్నారు. అందుకని రాలేదు. ఆవిడ రమ్మంటే నవంబరులో వస్తాను. తరవాత ఎక్కడుండాలి అన్నది తరవాత చూద్దాం. ముందు జాతర.

వ్యాన్‌లో గొడుగు లేదు. ఇంకోటి కొనలేదు. వానొస్తే తడుస్తున్నాను.

మీ డేరాకి గుర్తు ఏటి?

సింహాద్రి


వికారాబాద్,
అక్టోబర్

సింహాద్రి గారికి,

ఈ ఉత్తరం అప్పలనరసమ్మ గారికి ఇవ్వకండి. ఇంటిల్లిపాదికీ కాదు. మీరొక్కరే చదవాలి. అందుకే పెద్ద పెద్ద అక్షరాలు, మధ్యలో జాగా వదిలి రాస్తున్నాను. మా తెలుగు తొందర అన్నారు కదా, ఇది నెమ్మదిగానే రాశాను. ఒక్కో అక్షరం నేర్చుకుని చదవండి. నవంబర్ దాకా టైముంది.

మీరు వస్తే ఏమవుతుందో నాకు తెలియదు. భయంగా ఉంది. భయమైతే భయమని రాయమని మా నాయిన చెప్పాడు.

ధారూర్ స్టేషనులో దిగండి. జనం ఎటు నడిస్తే అటు నడవండి. వాగు కనపడగానే ఎడమ పక్కకు తిరగండి. నీళ్ల ట్యాంకు దాటితే వేప చెట్టు, దాని కింద మా డేరా. నేను పుట్టకముందు నుంచీ అక్కడే.

దూరం నుంచి గుర్తుకు మీ గొడుగు. వాన లేకపోయినా విప్పి పెడతాను.

రండి.

కరుణ